కుర్చీలు వేసే చోటు నుంచి: చిన్న ఊళ్ళో సాహిత్య పండుగ నడపడం ఎలా

పలాస–కాశీబుగ్గలో నాకు షామియానాలు, కుర్చీలు, మైకు సెట్లు అద్దెకిచ్చే షాపు ఉంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. పెళ్ళికీ, దినానికీ, పార్టీ మీటింగుకీ, సాహిత్య సభకీ అవే కుర్చీలు వేశాను. మైకు మిషను పక్కన కూర్చుని వినీ వినీ నాకు కథలంటే ప్రాణమైపోయింది. 2016 జనవరిలో నలుగురం కలిసి మా ఊళ్ళోనే రెండు రోజుల సాహిత్య పండుగ మొదలుపెట్టాం. కరోనా వల్ల 2021, 2022లో ఆగినా ఇప్పటికి ఎనిమిదిసార్లు జరిపాం. మా ఊళ్ళోనూ పెట్టాలనుంది, ఎలా అని చాలామంది అడుగుతున్నారు. నాకు తెలిసింది రాస్తున్నాను.

మొదటి ఏడాది నేను 400 కుర్చీలు వేశాను. డెబ్భై ఎనభై మంది వచ్చి, తలా ఒక మూల కూర్చున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన కవి ఖాళీ కుర్చీలకేసి చూస్తూ కవిత చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. మరుసటి ఏడాది వందే వేశాను. మిగతావి సైడ్‌వాల్ గుడ్డ వెనక దొంతరలుగా పెట్టి, ఇద్దరు కుర్రాళ్ళని నిలబెట్టాను. వంద నిండాకే పదేసి చొప్పున తెమ్మని చెప్పాను. అవే ముఖాలు, అదే ఊరు, కానీ సభ నిండుగా కనిపించింది. వెనక పదిమంది నిలబడి వింటుంటే చదివేవాళ్ళ గొంతు వేరేగా పలుకుతుంది. మీరు కూడా అనుకున్న దానిలో సగం కుర్చీలతోనే మొదలుపెట్టండి.

ఆ వంద మందీ ఎక్కడి నుంచి వస్తారన్నదే అసలు ప్రశ్న. పోస్టర్లు చూసి రారు. పండుగకి ఏడాది ముందే వినేవాళ్ళని పోగుచేసుకోవాలి. మేం ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం లైబ్రరీ వరండాలో జంబుఖానా పరిచి కూర్చుంటాం. ఒకరు ఒక కథ పైకి చదువుతారు. మిగతావాళ్ళు మాట్లాడతారు. గంటన్నరలో అయిపోతుంది. అధ్యక్షుడు లేడు, దండలు లేవు. మొదట్లో ఆరుగురం. ఇప్పుడు పాతికమంది దాకా వస్తారు. బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు రైల్వేవాళ్ళు, టైలరు, ఇంటర్ పిల్లలు, రిటైరైన టీచర్లు. పండుగ రోజు ఈ పాతికమందీ తలా ముగ్గుర్ని తీసుకొస్తే సభ నిండినట్టే.

కథలు ఎక్కడ దొరుకుతాయని అడక్కండి. కథారచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం మాకు శ్రీకాకుళంలోనే ఉంది. అచ్చంగా తెలుగు కథల కోసమే కట్టుకున్న లైబ్రరీ అది. మా గుంపుని మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళినప్పుడు, మా టైలరు ఆ బీరువాల ముందు నిలబడి ‘ఇవన్నీ మన కథలేనా?’ అన్నాడు. మీ జిల్లాలోనూ అలాంటి చోటు ఏదో ఒకటి ఉంటుంది. ప్రకాశం, బాపట్ల వైపువాళ్ళకి వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీ 1918 నుంచీ ఉంది. ముందు మీ గుంపుతో ఒకసారి వెళ్ళి రండి. పండుగ గురించిన మాటలు ఆ తిరుగు ప్రయాణంలోనే మొదలవుతాయి.

ఇక తేదీ. ఇది నా వృత్తి రహస్యం, ఊరికే చెబుతున్నాను. పుష్య మాసం ముగిసేదాకా, అంటే సంక్రాంతి వెళ్ళాక కూడా మాఘం వచ్చేదాకా, పెళ్ళి ముహూర్తాలు ఉండవు. కల్యాణ మండపాలు ఖాళీ, వంటవాళ్ళు ఖాళీ, నాలాంటివాళ్ళ సామాను గోడౌనులో ఉంటుంది. అద్దె సగానికి మాట్లాడుకోవచ్చు. ఎండ ఉండదు, వాన ఉండదు, పబ్లిక్ పరీక్షలు ఇంకా దగ్గరికి రావు. పైగా విజయవాడ పుస్తక మహోత్సవం మామూలుగా సంక్రాంతికి ముందే అయిపోతుంది కాబట్టి, ప్రచురణకర్తల దగ్గర అట్టపెట్టెలు కట్టి సిద్ధంగా ఉంటాయి. వాటిలో రెండు ఇటు పంపమని అడగడం తేలిక. 26 జనవరి మాత్రం వద్దు. ఆ రోజు పిల్లలూ టీచర్లూ బడి జెండా దగ్గర ఉంటారు. ఒక చిక్కు ఉంది. సంక్రాంతి తిరుగు రద్దీలో రైలు టికెట్లు దొరకవు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఆ రోజు పొద్దున్న ఎనిమిదికల్లా విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు వేసే బాధ్యత ఒక్కరికే అప్పజెప్పండి. నవంబరులో ‘తర్వాత చూద్దాం’ అనుకుంటే జనవరిలో టెన్షన్ పడేది మీరే.

డబ్బు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పండుగలు ఆగిపోయేది ఇక్కడే.

పోయిన జనవరిలో మాకైన ఖర్చు 1,38,000 రూపాయలు. అతిథుల ప్రయాణాలు 41,000, భోజనాలు, టీలు 38,000, ఎనిమిదిమంది అతిథులకి తలా 2,500 చొప్పున 20,000, లాడ్జి 16,000, మండపం, కరెంటు 15,000, ప్రింటింగ్, చిల్లర ఖర్చులు 8,000. నా కుర్చీలకీ మైకుకీ నేను డబ్బు తీసుకోను. కానీ ఆ అద్దె 22,000 అని విడిగా లెక్కలో రాయిస్తాను, నా పేరున చందాగా జమ చేయిస్తాను. రేపు నేను లేకపోతే ఆ ఖర్చు పండుగ మీద పడుతుంది. అప్పుడు కమిటీ ఉలిక్కిపడకూడదు. మీ దగ్గర కూడా ఎవరైనా ఊరికే వంట చేసిపెడుతుంటే, ఊరికే డిజైను వేసిపెడుతుంటే, దానికీ ఒక ధర కట్టి రాసుకోండి.

రెండో ఏడాది ఒక పెద్ద దాత 60,000 ఇస్తానన్నాడు. మేం ఎగిరి గంతేశాం. ఆయన గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. వెంట వచ్చినవాళ్ళతో వేదిక మీద పద్నాలుగు మంది. దీపం, దండలు, శాలువాలు, ఒకరి తర్వాత ఒకరి ఉపన్యాసం. ప్రారంభోత్సవం ముగిసేసరికి మధ్యాహ్నం ఒకటీ నలభై. అనంతపురం నుంచి రెండు రైళ్ళు మారి వచ్చిన కథకురాలికి తొమ్మిది నిమిషాలు మిగిలాయి. ఆమె ఏమీ అనలేదు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ సంచి జిప్పు చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ రాత్రే కూర్చుని రాసుకున్నాం: ఎవరి దగ్గరా 10,000కి మించి తీసుకోం. బ్యానరు మీద దాత పేరు వెయ్యం. చందాదారులందరి పేర్లూ అకారాది క్రమంలో ఒకే సైజు అక్షరాల్లో గేటు దగ్గర అంటిస్తాం. వంద ఇచ్చినవాళ్ళ పేరూ పదివేలు ఇచ్చినవాళ్ళ పేరూ పక్కపక్కనే ఉంటాయి. పోయినసారి 210 మంది ఇచ్చారు. ఎక్కువమంది ఇచ్చింది 200, 500. వసూలుకి తిరగడం కష్టమే. కానీ చందా ఇచ్చినవాడు పండుగని తనది అనుకుంటాడు. ఆ ఒక్క రోజైనా షాపు మూసి వస్తాడు.

రసీదు పుస్తకం లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. సొసైటీగా రిజిస్టర్ చేయించుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి. గేటు దగ్గర పెట్టే ఫోన్‌పే స్కానరు కూడా ఆ ఖాతాదే కావాలి, ఎవరి సొంతదీ కాకూడదు. పండుగ అయిన పది రోజుల్లో లెక్కలు రాసి లైబ్రరీ నోటీసు బోర్డులో పెట్టండి. స్నేహితుల మధ్య అనుమానం ఒకసారి మొదలైందంటే ఎంత మంచి పండుగైనా నిలవదు.

డబ్బు లేని ఏడాది కూడా వస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీదుగానే పోయింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ ఏడు చందా అడిగే ముఖం ఎవరికుంది? మానేద్దామన్నారు కొందరు. చివరికి 2019 జనవరిలో ఒక్క రోజు, బడి వరండాలో, అరవై కుర్చీలతో కూర్చున్నాం. ఖర్చు 9,000. దగ్గరి ఊళ్ళ రచయితలు సొంత ఖర్చులతో వచ్చారు. కథలు తక్కువ చదివాం. ఆ తుఫాను రాత్రి గాలి గురించి ఎవరికి తోస్తే వాళ్ళు లేచి మాట్లాడారు. ఒక రైతు తన తోటలో పడిపోయిన చెట్లని వరస వరసగా లెక్కపెట్టి చెప్పాడు, ఏ చెట్టు తాత వేసిందో, ఏది కూతురు పుట్టిన ఏడు పెట్టిందో. మేం జరిపిన వాటిలో నా మనసుకి దగ్గరైంది అదే. పదివేలతో జరిపే చిన్న పండుగ ఎలా ఉంటుందో ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. గడ్డు ఏడాదిలో అదే ఆదుకుంటుంది.

అతిథుల్ని తక్కువమందిని పిలవండి. రెండు రోజులకి ఎనిమిది మంది చాలు. తలా ముప్పావు గంట ఇవ్వండి. మాట్లాడే ముందు వాళ్ళ కథ ఒకటి మీ నెలవారీ గుంపు చదివి ఉండాలి. తన కథ చదివిన టైలరు లేచి ప్రశ్న అడిగితే ఏ రచయితైనా పొంగిపోతారు. ఫోనులో ఒప్పుకున్నా ఉత్తరం పంపండి. ఎప్పుడు రావాలి, ఎంతసేపు, ఎంత ఇస్తాం, ఎక్కడ దించుతాం అన్నీ అందులో ఉండాలి. స్టేషనుకి వెళ్ళే మనిషి పేరు, నంబరు కూడా. తెల్లవారుజామున ప్లాట్‌ఫారం మీద దిగిన అరవై ఏళ్ళ మనిషి ఎవరికోసమో వెతుక్కోకూడదు. పారితోషికం కవరు మొదటి రోజు భోజనాలకి ముందే చేతిలో పెట్టండి. బయలుదేరేటప్పుడు ఇద్దామనుకుంటే ఆ హడావుడిలో మర్చిపోతాం, వాళ్ళు అడగలేరు. శాలువా, మెమెంటోల బదులు మేం పొందూరు ఖద్దరు కండువా, పావుకిలో పలాస జీడిపప్పు ఇస్తాం.

కవి సమ్మేళనం దగ్గర గట్టిగా ఉండాలి. పేరు పెట్టగానే అరవైమంది వస్తారు. తలా మూడు నిమిషాలంటే ఆరు తీసుకుంటారు, చదివి వెళ్ళిపోతారు, చివరివాళ్ళకి వినేవాళ్ళుండరు. మేం నెల ముందు కవితలు తెప్పించుకుని, గుంపులో చదివి పన్నెండు ఎంచుతాం. ఆ పన్నెండూ చిన్న కరపత్రంగా వేసి అందరి చేతుల్లో పెడతాం. కొందరికి కోపం వచ్చింది. ఒకాయన రెండేళ్ళు మాట్లాడలేదు. అయినా ఇందులో సడలించకండి.

ప్రారంభానికి ఇరవై నిమిషాలు మించొద్దు. మా దగ్గర ఉత్తరాంధ్ర జానపద కళ అయిన జముకుల కథతో మొదలవుతుంది. జముకు వాయిద్యం మోగితే బజారులో ఉన్నవాళ్ళు కూడా తల తిప్పి చూస్తారు. ఒడిశా మాకు పక్కనే కాబట్టి ఒక గంట ఒడియా కథకి ఇస్తాం, ముందు ఒడియాలో, తర్వాత తెలుగులో. మీ ఊరి సరిహద్దు ఏదైతే ఆ భాషని పిలవండి.

మైకు గురించి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు? సౌండు కుర్రాళ్ళకి సినిమా పాటలు అలవాటు. ఎకో పెట్టి, బేస్ పెంచి ఉంచుతారు. కథ చదివేటప్పుడు మాట ముద్దైపోతుంది. ఎకో పూర్తిగా తీయించండి, బేస్ తగ్గించండి. బాక్సులు మైకుకి ముందు వైపు ఉండాలి. మైకు బాక్సుకి ఎదురుగా వస్తే కూత పెడుతుంది. కార్డ్‌లెస్ మైకు సెల్లులు ప్రతి సెషనుకీ మార్చండి, పక్కన వైరు మైకు సిద్ధంగా ఉంచండి. పోలీస్ స్టేషనులో మైకు పర్మిషన్ వారం ముందే తీసుకోండి. రాత్రి పది దాటితే బయట లౌడ్‌స్పీకరు వాడకూడదు.

2024లో జీడి పిక్కలు ఒలిచే ఆమెని వేదిక ఎక్కించాం. పనిచేసేచోట ఆడవాళ్ళు చెప్పుకునే కథ ఒకటి చెబుతానంది. జీడి సొనకి ఆమె వేళ్ళు నల్లబడి ఉన్నాయి. మైకు రెండు చేతులతో పట్టుకుని, గుండెకి ఆనించుకుంది. ఏమీ వినిపించడం లేదు. నేను వెళ్ళి స్టాండు మైకు ఆమె నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టి, ‘ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడమ్మా’ అన్నాను. ఒక్కసారి తన గొంతు తనకే వినిపించేసరికి ఆగి, మా వైపు చూసి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఇరవై రెండు నిమిషాలు. టీ చల్లారిపోయింది, ఎవరూ లేవలేదు. మీ ఊళ్ళో కూడా అలాంటి మనిషి ఉంటుంది. వెతకండి.

పుస్తకాల స్టాలు టీ ఇచ్చే చోటుకి పక్కనే పెట్టండి. మిగిలినవి వాపసు తీసుకుంటామన్న ప్రచురణకర్తల దగ్గరే తెచ్చుకోండి. పెట్టె విప్పగానే జాబితా రెండు కాపీలు రాసి, ఒకటి ఫోటో తీసి వాళ్ళకి పంపండి. వంద రూపాయల లోపు పుస్తకాలూ పిల్లల పుస్తకాలూ ముందు వరసలో పెట్టాలి. అమ్మిన డబ్బు, మిగిలిన పుస్తకాలు పదిహేను రోజుల్లో వెనక్కి పంపితే వచ్చే ఏడు వాళ్ళే ఫోను చేస్తారు.

చివరగా, పనుల పుస్తకం. ఒక రెండొందల పేజీల నోటుబుక్కులో ఎవరికి ఫోను చేశాం, ఎంతకి మాట్లాడాం, ఏది చెడిపోయింది అన్నీ ఏ రోజువి ఆ రోజు రాస్తాం. కమిటీలో ప్రతి ఏడూ పాతికేళ్ళ లోపువాళ్ళు ఇద్దరు కొత్తగా చేరాలి, పాతవాళ్ళు ఒకరు తప్పుకోవాలి. ఈ ఏడు ఆ పుస్తకం డిగ్రీ చదివే అమ్మాయి చేతికిచ్చాం. మొదటి మీటింగులోనే తను పాత పేజీలు తిరగేసి, ‘బాబాయ్, ఈసారి కుర్చీలు ఎనభైతో మొదలుపెడదాం, ముందు వరస మాత్రం జంబుఖానా వేసి పిల్లలకి వదిలేద్దాం’ అంది. నాలుగు జంబుఖానాలు ఉతకడానికి వేశాను.