లేహ్‌కు విమానంలో మౌంటెన్ బైక్: విప్పడం, కట్టడం, అప్పగించడం

శంషాబాద్‌లో అప్పగించిన సైకిలు పెట్టె లేహ్‌లో తిరిగి మన చేతికి అందేలోపు, సాధారణంగా ఢిల్లీలో విమానం మారవలసి ఉంటుంది కనుక, దానిని కనీసం రెండుసార్లు ఎక్కించి రెండుసార్లు దించుతారు. ఎక్స్‌రేలో ఏదైనా అనుమానంగా కనిపిస్తే భద్రతా సిబ్బంది పెట్టెను తెరచి చూసి మళ్లీ మూస్తారు. సైకిలులో ఏ భాగం సున్నితమైనదో వారికి తెలియవలసిన అవసరం లేదు, తెలుసుకునే వ్యవధి కూడా వారికి ఉండదు. కాబట్టి పెట్టెను అడ్డంగా పడుకోబెడతారని, దానిపై బరువైన సూట్‌కేసులు పేరుస్తారని, ముక్కూ మొహం తెలియని మనిషి ఒకరు దానిని తెరచి మూస్తారని ముందే అనుకుని సైకిలును కట్టడం మంచిది. కింద చెప్పిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క అంచనా మీద ఆధారపడినవే.

టికెట్టు కొనకముందే చేయవలసిన పని ఒకటుంది. దేశీయ విమానాల్లో ఎకానమీ తరగతి ప్రయాణికులకు సాధారణంగా 15 కిలోల చెక్-ఇన్ సామాను మాత్రమే ఉచితం. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మామూలు హార్డ్‌టెయిల్ సైకిలే 12 నుంచి 14 కిలోలు ఉంటుంది, వెనుక కూడా సస్పెన్షన్ ఉన్నది అంతకంటే బరువు, ఆపైన పెట్టె బరువు. సైకిలును క్రీడా సామగ్రిగా లెక్కించి విడిగా రుసుము తీసుకోవడమో, అదనపు బరువుగా లెక్కగట్టడమో ఆయా సంస్థల నిబంధనలను బట్టి ఉంటుంది. ఆ నిబంధనలు తరచు మారుతుంటాయి కనుక, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు రాసి సంస్థకు ఈమెయిల్ పంపి, వచ్చిన జవాబును అచ్చు తీసి వెంట ఉంచుకోవాలి. ఫోనులో విన్న హామీ కౌంటరు దగ్గర నిలబడదు. ఏ ఒక్క సామానూ 32 కిలోలు దాటకూడదన్నది మోసేవారి క్షేమం కోసం దాదాపు అంతటా అమలయ్యే హద్దు కనుక, బట్టలు, గుడారం అన్నీ సైకిలు పెట్టెలోనే కుక్కాలన్న ఆలోచన మానుకోవడం మేలు. హైదరాబాద్ నుంచి లేహ్ వరకు ఒకే పీఎన్ఆర్ మీద టికెట్టు తీసుకుంటే పెట్టెను నేరుగా లేహ్‌కే ట్యాగ్ చేస్తారు. వేర్వేరు టికెట్లు తీసుకున్నవారు ఢిల్లీలో పెట్టెను తీసుకొని, అవసరమైతే టెర్మినల్ మారి, మళ్లీ వరుసలో నిలబడాలి. కొద్ది వందలు మిగులుతాయని అలా కొనడం ఈ ఒక్క ప్రయాణానికి నేను సిఫారసు చేయను.

మనాలీ వైపు నుంచి సవారీ మొదలుపెట్టేవారికి కులూ దగ్గరి భుంతర్ విమానాశ్రయం ఆశ చూపుతుంది. అక్కడి రన్‌వే పొట్టిది, దిగేవి చిన్న ఏటీఆర్ విమానాలు, వాటికి బరువు పరిమితులు కఠినం. సైకిలుతో అయితే ఢిల్లీలో దిగి రాత్రి బస్సు పట్టుకోవడమే నమ్మకమైన మార్గం.

బ్యాటరీతో నడిచే ఈ-మౌంటెన్ బైక్ ఉన్నవారు ఇక్కడే ఆగాలి. ప్రయాణికుల విమానంలో 160 వాట్-అవర్లకు మించిన లిథియం బ్యాటరీని చెక్-ఇన్‌లోనూ, చేతి సామానులోనూ అనుమతించరు. ఈ-బైకుల బ్యాటరీలు మామూలుగా 400 వాట్-అవర్లకు పైనే ఉంటాయి. బ్యాటరీ లేకుండా సైకిలును తీసుకువెళ్లి ప్రయోజనం లేదు కనుక, అక్కడే అద్దెకు తీసుకోవాలి.

పెట్టె విషయంలో మూడు దారులు ఉన్నాయి. గట్టి ప్లాస్టిక్ కేసు అన్నిటికంటే భద్రమైనదే, అయితే దాని బరువే 10 కిలోలు దాటవచ్చు. పైగా లేహ్‌లో దిగి మనాలీ దాకా తొక్కాలనుకునేవారికి ఖాళీ కేసును ఏం చేయాలన్న చిక్కు వస్తుంది. దళసరి మెత్త వేసిన సంచీ మోయడానికి తేలిక, కానీ పైనుంచి పడే బరువును అది ఆపలేదు. లద్దాఖ్ ప్రయాణానికి నా ఓటు సైకిలు షాపులో దొరికే అట్టపెట్టెకే. కొత్త సైకిళ్లు అందులోనే వస్తాయి కనుక షాపువారు చాలాసార్లు ఉచితంగానే ఇస్తారు, అవసరం తీరాక వదిలేయవచ్చు, వెనుక చక్రాన్ని విప్పకుండానే సైకిలు అందులో పడుతుంది. అడిగేటప్పుడు మీ ఫ్రేము సైజు, 29 అంగుళాల చక్రాల సంగతి చెప్పి సరిపడే పెట్టెనే తీసుకోవాలి. టైరుతో కలిపి ఆ చక్రం వ్యాసం సుమారు 74 సెంటీమీటర్లు ఉంటుంది కనుక చిన్న సైకిలు పెట్టె దానికి చాలదు. లద్దాఖ్‌కు వెళ్లే జూలై, ఆగస్టు నెలలు ఇక్కడా ఢిల్లీలోనూ వానాకాలం. విమానం పక్కన ట్రాలీ మీద తడిసిన అట్ట అడుగు నుంచి ఊడిపోతుంది. అందుకే పెట్టె లోపల దళసరి పాలిథీన్ పరచాలి, అడుగు అతుకుకు రెండు వరుసల వెడల్పాటి టేపు వేయాలి, చేతులు పెట్టి ఎత్తే రంధ్రాల అంచులను కూడా టేపుతో బలపరచాలి.

విప్పే ముందు సైకిలును కడిగి ఆరబెట్టాలి. బురద కింద దాగిన పగుళ్లు, అరిగిన బ్రేకు ప్యాడ్లు అప్పుడే బయటపడతాయి. ఆస్ట్రేలియాకో న్యూజిలాండ్‌కో సైకిలు తీసుకువెళ్లే మనవారికి ఇది ఇంకా ముఖ్యం. అక్కడి జీవభద్రతా అధికారులు టైర్లకు అంటిన మట్టిని కూడా తనిఖీ చేస్తారు. కడిగాక, ఏ కేబులు ఎటు నుంచి పోతోందో తెలిసేలా ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీసుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు, దెబ్బ తగిలిందని ఫిర్యాదు చేయవలసి వచ్చినప్పుడు, రెండిటికీ అవి అక్కరకు వస్తాయి.

మొదట పెడల్స్ తీయాలి. ఎడమ పెడల్ మర రివర్సులో ఉంటుందన్నది చాలామందికి తెలిసినా, తొందరలో తప్పు దిశలో బిగించేస్తారు. పానాను పెడల్ మీద నిలువుగా పైకి ఉండేలా పెట్టి, దాని పైకొనను సైకిలు వెనుక చక్రం వైపు తిప్పితే రెండు పెడల్సూ వదులవుతాయి, కుడి ఎడమలతో పనిలేదు. సీటుపోస్టు ఎంత ఎత్తులో ఉందో టేపు ముక్కతో గుర్తుపెట్టి కిందికి దించాలి. లివరు నొక్కితే ఎత్తు మారే డ్రాపర్ పోస్టు అయితే, ఫ్రేములోకి దించుతున్నంతసేపు హ్యాండిల్ వైపు నుంచి దాని కేబులును మెల్లగా బయటికి లాగుతూ ఉండాలి, లేకపోతే లోపల మడతపడుతుంది. హ్యాండిల్‌ను తీయడానికి, దానిని ఫోర్కుకు కలిపే స్టెమ్ ముందున్న నాలుగు బోల్టులు విప్పితే చాలు. స్టెమ్‌ను మాత్రం కదిలించవద్దు, అది ఊడితే ఫోర్కు జారి, అది తిరిగే చోట ఉండే హెడ్‌సెట్ బేరింగులు చెల్లాచెదురవుతాయి. విప్పిన బోల్టులను వాటి స్థానాల్లోనే రెండు చుట్లు బిగించి ఉంచడం ఉత్తమం. హ్యాండిల్‌ను ఫ్రేము పక్కగా తెచ్చి, మధ్యలో స్పాంజి గొట్టం వేసి, కేబుళ్లు ఎక్కడా మెలిక పడకుండా జిప్ టైలతో కట్టాలి.

విమానంలో సైకిలుకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం మూడు చోట్ల పడుతుంది. అవి వెనుక గేర్లు మార్చే డిరైలర్, బ్రేకు డిస్కులు, చక్రం తీసేసిన ఫోర్కు కొనలు. ఈ మూడింటి మీద పెట్టే అరగంట మిగిలిన పనంతటి కంటే విలువైనది. డిరైలర్ కుడివైపు బయటికి పొడుచుకొని ఉంటుంది. పెట్టెను కుడివైపుకు పడుకోబెట్టి పైన బరువు వేస్తే ఆ బరువంతా దాని మీదుగా హ్యాంగర్ అనే పల్చటి లోహపు ముక్కకు చేరుతుంది. ఫ్రేమును కాపాడటానికి ముందుగా వంగేలానే ఆ ముక్కను తయారుచేస్తారు, అది ఏమాత్రం వంగినా గేర్లు సరిగా పడవు. కాబట్టి చైనును అన్నిటికంటే చిన్న పళ్ల చక్రం మీదికి తెచ్చి, 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో డిరైలర్‌ను హ్యాంగర్ నుంచి విప్పి, చైను, కేబులు ఉన్నవి ఉన్నట్టుగానే గుడ్డలో చుట్టి, ఫ్రేము వెనుక త్రికోణం లోపలికి కట్టేయాలి. మీ ఫ్రేముకు సరిపడే అదనపు హ్యాంగర్ ఒకటి తప్పనిసరిగా వెంట ఉండాలి. 2019లో శ్రామ్ సంస్థ ప్రవేశపెట్టిన యూడీహెచ్ (యూనివర్సల్ డిరైలర్ హ్యాంగర్) నమూనా వాడే ఫ్రేములకు అది తేలికగా దొరుకుతుంది, పాత ఫ్రేముల హ్యాంగర్లు ఒక్కొక్కటి ఒక్కో ఆకారం కనుక లేహ్‌లో వెతికితే దొరుకుతుందన్న భరోసా లేదు.

ముందు చక్రం తీశాక దాని డిస్కును కూడా విప్పి, రెండు అట్టల మధ్య పెట్టి, నూనె చేతులు తగలకుండా కవరులో ఉంచాలి. ఆరు బోల్టుల డిస్కుకు టీ25 కీ కావాలి, సెంటర్‌లాక్ రకానికి దానికి తగ్గ పరికరం కావాలి. డిస్కు తీసేసిన కాలిపర్‌లో, అంటే డిస్కును నొక్కి పట్టే భాగంలో, ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్లో మడిచిన అట్టో పెట్టాలి, ఎందుకంటే ప్రయాణంలో బ్రేకు లివరు నొక్కుకుంటే పిస్టన్లు దగ్గరగా వచ్చేసి డిస్కు మళ్లీ లోపలికి పోదు. ఫోర్కు కొనల మధ్య కొత్త సైకిళ్లతో వచ్చే ప్లాస్టిక్ స్పేసర్ పెట్టాలి. షాపువారిని అడిగితే ఇస్తారు, దొరక్కపోతే ఇరుసునే తిరిగి ఫోర్కులో బిగించాలి. తీసిన చక్రాన్ని ఫ్రేముకు ఎడమవైపు ఆనించి, ఇరుసు రంధ్రం అంచు ఫ్రేమును గీరకుండా మధ్యలో మెత్త వేసి మూడు చోట్ల కట్టాలి. సంచీలోనో కేసులోనో పెట్టేవారు రెండు చక్రాలూ తీయాలి కనుక రెండు డిస్కులూ విప్పుకోవాలి.

టైర్లలో గాలి తీయాలా వద్దా అన్న ప్రశ్నకు కొంచెం లెక్క అవసరం. సామాను గది కూడా ప్రయాణికుల క్యాబిన్ లాగే ఒత్తిడి నింపి ఉంచేదే. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలి ఒత్తిడి సుమారు 8,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉంటుంది కనుక, మన ఊళ్లో నింపిన టైరులో కొలత మూడు పీఎస్ఐ (గాలి ఒత్తిడి ప్రమాణం) వరకు మాత్రమే పెరిగినట్టు కనిపిస్తుంది. టైరు పేలిపోతుందన్న భయం అక్కరలేదు, సస్పెన్షన్‌లో గాలిని ముట్టుకోనే అక్కరలేదు. అయినా గాలి తీయమని చాలా సంస్థలు కోరతాయి, కౌంటరు దగ్గర వాదించి లాభం లేదు. ట్యూబ్‌లెస్ టైర్లు వాడేవారు మొత్తం గాలి తీస్తే టైరు అంచు రిమ్ము నుంచి విడిపోయి, లోపల రంధ్రాలు పూడ్చే సీలెంట్ ద్రవం కారిపోవచ్చు. వేలితో నొక్కితే మెత్తగా దిగేలా, అంచు మాత్రం నిలిచేలా కొద్దిగా గాలి ఉంచడమే నేను అనుసరించే పద్ధతి.

విడి భాగాలన్నీ ఒక జిప్ సంచీలో వేసి, ఆ సంచీని ఫ్రేముకే కట్టాలి. పెట్టె అడుగున వదిలేసిన ఇరుసు ఏ రంధ్రంలోంచి జారిపోతుందో చెప్పలేం, అది లేకపోతే సైకిలు నడవదు. పనిముట్లు చెక్-ఇన్‌లోనే వెళ్లాలి. ఎలక్ట్రానిక్ గేర్ల విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సామానులోనే ఉండాలి. డిరైలర్‌కు తగిలించిన బ్యాటరీని కూడా ఊడదీసి వెంట ఉంచుకోవడం మంచిది, లేకపోతే దారి పొడవునా కుదుపులకు అది మేల్కొంటూనే ఉంటుంది. స్ప్రే డబ్బాలు, స్టవ్ గ్యాసు డబ్బాలు ఇంట్లోనే వదలాలి. గాలి నింపే సీఓ2 గుళికలకు కొన్నిచోట్ల ముందస్తు అనుమతితో వీలున్నా, వాటి కోసమే పెట్టెను తెరిపించే ప్రమాదం ఉంది కనుక చేతి పంపు చాలు. హెల్మెట్‌ను చేత్తో పట్టుకువెళ్లాలి.

పెట్టెను మూసేటప్పుడు దాన్ని విప్పబోయే చేతులను గుర్తుంచుకోవాలి. చుట్టూ టేపు చుట్టేస్తే తనిఖీ చేసేవారు కత్తితో కోస్తారు. పై మూతకు మాత్రం సులువుగా ఊడే విధంగా టేపు వేసి, నడుముకు రెండు బెల్టులు బిగిస్తే, వారు విప్పి తిరిగి బిగించగలుగుతారు. పేరు, ఫోను నంబరు పెట్టె రెండు వైపులా, ఫ్రేము మీద కూడా రాయాలి. విమానాశ్రయానికి మామూలు కంటే గంట ముందు చేరాలి. పెద్ద సామానును విడిగా ఉన్న ఎక్స్‌రే దగ్గరకు తీసుకువెళ్లమంటారు, అక్కడ అది ఆమోదం పొంది లోపలికి పోయే వరకు కదలకూడదు. తెరవమంటే మీరే తెరచి మూసుకోవచ్చు, అందుకు ఒక టేపు చుట్ట చేతిలో ఉండాలి. పగిలిపోయే సామాను అంటూ సంతకం అడిగితే చదివి పెట్టాలి, దాని వల్ల సంస్థ బాధ్యత తగ్గవచ్చు. దేశీయ ప్రయాణంలో సామాను పోయినా దెబ్బతిన్నా సంస్థ బాధ్యత గరిష్ఠంగా 20,000 రూపాయలు. లక్షకు పైగా పెట్టి కొన్న సైకిలుకు విడిగా బీమా తీసుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

లేహ్‌లో పెట్టె అందగానే బయటికి పోకుండా అక్కడే తెరచి ఫ్రేము, ఫోర్కు, చక్రం చూసుకోవాలి. దెబ్బ కనిపిస్తే ఫొటో తీసి, సంస్థ కౌంటరులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, దాని నకలు తీసుకున్నాకే కదలాలి. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న సామానుపై ఏడు రోజుల్లోగా లిఖితపూర్వక ఫిర్యాదు అందాలి.

లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తున ఉంది, నేరుగా విమానంలో దిగినవారు 48 గంటలు విశ్రాంతి తీసుకోవాలని లద్దాఖ్ అధికారులే చెబుతారు. సైకిలు బిగించడానికి ఆ రెండో రోజు తగిన సమయం. మొదటి రోజు వంగి లేచే పనులు పెట్టుకుంటే తల తిరుగుతుంది. హ్యాండిల్ బోల్టులను ఒక్కొక్కటిగా ఎదురెదురు క్రమంలో, స్టెమ్ మీద రాసిన టార్కు (బిగింపు బలం) మించకుండా బిగించాలి. డిరైలర్‌ను బిగించాక వెనుక నుంచి చూస్తే దాని చిన్న చక్రాలు రెండూ గేర్ల పళ్లతో ఒకే నిట్టనిలువు గీతలో కనిపించాలి. టైర్ల గాలిని తప్పక కొలిచి సరిచేసుకోవాలి. బయటి గాలి పలచబడటం వల్ల, గాలి తీయకుండా తెచ్చిన టైరు కూడా హైదరాబాద్‌లో చూపినదానికంటే సుమారు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపుతుంది. పెట్టె తలకిందులుగా ప్రయాణించి ఉంటే బ్రేకు నూనెలో బుడగలు కదిలి లివరు మెత్తబడవచ్చు. సైకిలును నిటారుగా నిలబెట్టి లివరును పలుమార్లు నొక్కాక కూడా గట్టిపడకపోతే బ్లీడ్ చేయించాల్సిందే, అంటే నూనెలోని గాలిని తీయించాల్సిందే. 5,359 మీటర్ల ఎత్తున్న ఖర్దుంగ్ లా కనుమ నుంచి లేహ్‌కు దిగే సుమారు 40 కిలోమీటర్ల వాలు మీద సందేహం ఉన్న బ్రేకుతో దిగకూడదు. ముందు ఊళ్లో చదును రోడ్డు మీద తొక్కి చూడండి.

విమానంలోనే తిరిగి వచ్చేవారు పెట్టెను మడిచి బస చేసిన చోటే దాచమని అడగాలి. ఎండ పెరిగే కొద్దీ ఆ ఎత్తులో గాలి ఇంకా పలచబడి విమానాలు మోయగల బరువు తగ్గుతుంది, అప్పుడు కొంత సామానును తరువాతి విమానానికి వదిలేయవచ్చు. అందుకని తిరుగు ప్రయాణానికి తెల్లవారుజామున బయలుదేరే విమానాన్నే ఎంచుకుని, ఇంటికి చేరిన మర్నాడే సైకిలుతో మరో కార్యక్రమం పెట్టుకోకుండా ఉంటే మంచిది.