జీన్స్ చిరిగింది, షూ నోరు తెరిచింది: అనంతపురం కుర్రాళ్ల ఫిర్యాదులకు మందులు

సాయంత్రం టీ దగ్గర మా జట్టు మాటలు క్రికెట్‌తో మొదలైనా చివరికి బట్టల మీదికే వస్తాయి. ఎవరికి ఏ తంటా వచ్చినా ముందు బ్రాండును తిట్టేస్తారు. చాలావాటికి అసలు కారణం కొలత తప్పడమో, బోరు నీళ్లో, మన ఎండో అయి ఉంటుంది. మా దగ్గర పదే పదే వినబడే ఫిర్యాదులు ఇవి.

"మామా, బండెక్కుదామని కాలెత్తినా, తొడల మధ్య ప్యాంటు పర్రుమంది"

ఆ క్షణంలో చిరిగినట్టు అనిపిస్తుంది గానీ, అది నెలల తరబడి అరుగుతూ వచ్చిందే. ధర్మవరం మగ్గాల పక్కన పెరిగినవాళ్లకు పడుగు (నిలువు దారం), పేక (అడ్డ దారం) గురించి చెప్పనక్కర్లేదు. డెనిమ్‌లో పడుగు దారం నీలం, పేక దారం తెలుపు. రాపిడికి ముందు పైనున్న నీలం పోగులు తెగుతాయి, తర్వాత తెల్లవి బయటపడతాయి. ప్యాంటును తిరగేసి వెలుతురుకు పట్టి చూడండి. గుడ్డ జల్లెడలా కనిపిస్తే ఇక ఎన్నాళ్లో ఆగదు.

తొడల దగ్గర బిగుతు ఒక కారణం. నడుము మీద నిలవాల్సిన ప్యాంటును తుంటి కిందికి జార్చి వేయడం ఇంకొకటి. అప్పుడు మధ్య కుట్టు వేలాడి, నడిచినంతసేపూ రుద్దుకుంటుంది. మూడోదాన్ని ఎవరూ ఒప్పుకోరు: ఉతకకపోవడం. చెమట, దుమ్ము పోగుల మధ్య చేరి గుడ్డను త్వరగా అరగదీస్తాయి. జీన్స్ నెలల తరబడి ఉతక్కూడదన్న సలహా చలిదేశాల నుంచి వచ్చింది. మే నెలలో అనంతపురంలో తిరిగేవాడికి అది పనికిరాదు.

తెల్లపోగులు కనిపించిన వారంలోనే ఆల్టరేషన్ షాపుకు వెళ్లండి. లోపల పలుచని కాటన్ ముక్క పెట్టి, ప్యాంటు రంగు దారంతో మిషన్ మీద ముందుకూ వెనక్కూ దగ్గర దగ్గరగా కుట్టమనండి. ముక్క అరిగిన చోటు కంటే అన్ని వైపులా కనీసం ఒక అంగుళం పెద్దదిగా ఉండాలి, లేకపోతే కుట్టు అంచునే మళ్లీ చిరుగుతుంది. మందపాటి డెనిమ్ ముక్క వద్దు, తొడలు ఒరుసుకుంటాయి. రాయదుర్గం, బళ్లారి వైపు జీన్స్ కుట్టే యూనిట్లు బాగా ఉన్నాయి. అక్కడ పనిచేసి వచ్చిన టైలర్ ఊళ్లో దొరికితే వదలకండి. దళసరి గుడ్డకు ఏ సూది, ఏ దారం వాడాలో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"తొడలకు సరిపోతే నడుము లూజు, నడుముకు సరిపోతే తొడలు పట్టేస్తాయి"

తొడలకు సరిపోయేదే కొనండి. నడుము వెనక మధ్య కుట్టు దగ్గర అంగుళం, అంగుళంన్నర దాకా లోపలికి తీయించవచ్చు. అంతకు మించి తీస్తే వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చి చూడ్డానికి బాగుండదు. బెల్టుతో బిగిస్తే గుడ్డ ముడతలు పడుతుందే తప్ప ఫిట్టింగ్ రాదు.

"ఒక్క ఉతుకుకే పొట్టిదైపోయింది"

కాటన్ తడిస్తే కుంచించుకుపోతుంది. మిల్లులోనే గుడ్డను ముందుగా కుదించేసే శాన్‌ఫరైజేషన్ పద్ధతికి దాన్ని కనిపెట్టిన శాన్‌ఫర్డ్ క్లూయెట్ పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు దొరికే జీన్స్‌లో ఎక్కువ భాగం అలా కుదించినవే, అయినా పొడవులో కొంచెం తగ్గుతాయి. అందుకే కొన్న రోజే కింద కత్తిరించి కుట్టించుకోకండి. ఒకసారి ఉతికి, ఆరబెట్టి, ఆ తర్వాత టైలర్‌కు ఇవ్వండి. ఇప్పటికే పొట్టిదైపోతే కింద మడతలో దాచిన గుడ్డ ఎంతుందో విప్పి చూడాల్సిందే. అదీ లేకుంటే చీలమండ కనిపించేట్టు వేసుకోండి, అదీ ఒక స్టైలే అప్పా.

"నా తెల్ల షూకంతా నీలం అంటుకుంది"

జీన్స్‌కు వేసే ఇండిగో (నీలిమందు) రంగు నూలు పోగు లోపలిదాకా పోదు, పైపొర మీదే ఉంటుంది. అందుకే రుద్దితే ఊడి షూకు, బండి సీటుకు, స్నేహితుడి సోఫాకు అంటుకుంటుంది. ఉప్పు నీళ్లలోనో, వెనిగర్‌లోనో నానబెడితే రంగు నిలుస్తుందని ఇంట్లో చెబుతారు. ఇండిగో విషయంలో అది జరగదు. మొదటి రెండు మూడు సార్లు తిరగేసి, చల్లటి నీళ్లలో, విడిగా ఉతకండి. ఊడాల్సింది అక్కడే ఊడిపోతుంది. షూ రబ్బరు అంచుకు అంటిన మరకను పెన్సిల్ రబ్బరుతోనో, పాత బ్రష్‌పై కొద్దిగా టూత్‌పేస్ట్‌తోనో తీయవచ్చు. గుడ్డ భాగానికి అంటితే ఆ రోజే కడగండి, పాతబడితే మొండికేస్తుంది.

నల్ల జీన్స్ మీద తెల్లటి చారలు వస్తే అది రంగు పోవడం కాకపోవచ్చు. మన బోరు నీళ్లలో పౌడర్ సరిగా కరగక మడతల్లో ఉండిపోతుంది. ముందు బకెట్లో బాగా కరిగించి, తర్వాత బట్ట వేయండి. జాడించడం ఒకసారి ఎక్కువ చేయండి. నీడలో తిరగేసి ఆరేయండి.

ఉతికాక పక్క కుట్టు మోకాలి ముందుకు తిరిగిపోతే దానికి మందు లేదు. డెనిమ్ నేత ఏటవాలుగా ఉంటుంది, ఉతికినప్పుడు గుడ్డ ఆ వాలుకే మెలి తిరుగుతుంది.

"షూ సోల్ ఊడింది, ఫెవిక్విక్ వేసినా నిలవలేదు"

గోరుతో సోల్‌ను నొక్కి చూడండి. పొడిపొడిగా రాలితే జిగురు తప్పేమీ లేదు. పీయూ (పాలీయురేథేన్ అనే నురగలాంటి ప్లాస్టిక్) సోల్ గాలిలోని తేమకే ఏళ్ల తరబడి లోపల లోపల పాడవుతుంది. పెళ్లికి కొని పెట్టెలో దాచిన షూ రెండో పెళ్లికి వెళ్లేసరికి విరిగిపోవడం దీనివల్లే. అతికించి లాభం లేదు, సోల్ మొత్తం మార్పించాలి.

సోల్ గట్టిగానే ఉండి అంచు మాత్రమే తెరుచుకుంటే కారణం వేడి. షూ కడిగి మిద్దె మీద మధ్యాహ్నం ఎండలో పెడితే జిగురు మెత్తబడి వదిలేస్తుంది. ఫెవిక్విక్ ఎండాక గట్టిపడి, కాలు వంగినప్పుడల్లా పగులుతుంది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర పాత జిగురు గీకించి, ఉప్పుకాగితంతో రుద్ది, రెండు వైపులా రబ్బరు సొల్యూషన్ రాయించండి. పది నిమిషాలు ఆరాక అతికించి, చుట్టూ కుట్టు వేయించండి. కుట్టు లేకుండా వచ్చేయకండి.

"బ్యాగీ వేస్తే పొట్టోడిలా ఉన్నా"

వెడల్పు ప్యాంటు మన ఎండకు స్కిన్నీ కంటే వెయ్యి రెట్లు నయం, మళ్లీ ఫ్యాషన్‌లోకి రావడం నాకైతే సంతోషమే. పొట్టిగా కనిపించడానికి కారణం సాధారణంగా షర్టే. తొడల దాకా వచ్చే షర్టు బయటికి వదిలితే కాళ్లు సగమైపోతాయి. జిప్పు మధ్య దాకా వచ్చే పొట్టి షర్టు వేయండి, లేదా టక్ చేయండి. ప్యాంటు నడుము మీదే నిలవాలి. పొడవు కొలిపించుకోవడానికి టైలర్ దగ్గరికి చెప్పులతో కాకుండా, దాని మీద రోజూ వేసే షూతోనే వెళ్లండి.