ఎండీఎస్ విద్యార్థులు వృత్తి సదస్సులను సద్వినియోగం చేసుకోవడం ఎలా?

దంత వైద్యంలో డిగ్రీ అయిన బీడీఎస్ పూర్తిచేసి, నీట్ ఎండీఎస్ ప్రవేశ పరీక్ష రాసి, మూడేళ్ల పీజీ కోర్సు ఎండీఎస్‌లో చేరిన దంత వైద్యులు తమ రోజులో ఎక్కువ భాగాన్ని ఒకే విభాగంలో, ఒకే గైడ్ దగ్గర, దాదాపు ఒకే రకమైన కేసుల మధ్య గడుపుతారు. దాంతో తమ విభాగంలో పాటించే పద్ధతే అంతటా పాటించే పద్ధతి అన్న నమ్మకం తెలియకుండానే ఏర్పడుతుంది. రూట్ కెనాల్ చికిత్సను ఒకే సిటింగ్‌లో ముగించే కళాశాలలున్నాయి. పంటి లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి వారం తర్వాత రమ్మనే కళాశాలలూ ఉన్నాయి. రెండింటికీ తగిన కారణాలున్నాయని గ్రహించాలంటే ఆ రెండు చోట్ల చదువుతున్నవారూ ఒకచోట కూర్చుని వాదించుకోవాలి. సదస్సు వల్ల కలిగే అసలు ప్రయోజనం ఇదే. సర్టిఫికెట్టు, సీడీఈ (నిరంతర దంత వైద్య విద్య) పాయింట్లు ఆ తర్వాతి మాట.

ముందుగా ఏ సదస్సుకు వెళ్లాలో తేల్చుకోండి

మన దేశంలో ఎండీఎస్‌లో 9 విభాగాలున్నాయి. ప్రతి విభాగానికీ జాతీయ స్థాయి సంఘం ఉంది. ఆర్థోడాంటిక్స్ వారికి 1965లో ఏర్పడిన ఇండియన్ ఆర్థోడాంటిక్ సొసైటీ, నోరు, దవడల శస్త్రచికిత్స వారికి 1969లో మొదలైన ఆమ్సీ (అసోసియేషన్ ఆఫ్ ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జన్స్ ఆఫ్ ఇండియా), కట్టుడు పళ్ల విభాగానికి ఇండియన్ ప్రోస్థోడాంటిక్ సొసైటీ, చిగుళ్ల విభాగానికి ఇండియన్ సొసైటీ ఆఫ్ పెరియోడాంటాలజీ ఇందుకు ఉదాహరణలు. ఇవి జాతీయ సదస్సులు జరుపుతాయి. వీటిలో కొన్ని విద్యార్థుల కోసమే పీజీ కన్వెన్షన్ అనే సమావేశాన్ని విడిగా నిర్వహిస్తాయి. రాష్ట్ర శాఖల సమావేశాలు, ఇండియన్ డెంటల్ అసోసియేషన్ స్థానిక శాఖలు పెట్టే సీడీఈ కార్యక్రమాలు వీటికి అదనం.

మొదటి సంవత్సరం విద్యార్థికి నా సలహా పీజీ కన్వెన్షనే. జాతీయ సదస్సులో పేరున్న ప్రొఫెసర్ల ఉపన్యాసాలు ఎక్కువ, విద్యార్థికి దక్కే చోటు తక్కువ. కన్వెన్షన్‌లో వేదిక విద్యార్థులదే. రెండో సంవత్సరంలో థీసిస్ పని కొంత సాగాక జాతీయ సదస్సులో పేపర్ చదవడం బాగుంటుంది. మూడో సంవత్సరంలో థీసిస్ సమర్పణ, పరీక్షలు మీద పడతాయి కాబట్టి దూర ప్రయాణాలు తగ్గించుకోవడం మేలు. శిక్షణ కాలంలో రాష్ట్ర లేదా జాతీయ స్థాయి సమావేశాల్లో కనీసం రెండు పేపర్లు సమర్పించేలా విద్యార్థులను ప్రోత్సహించాలని డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఎండీఎస్ నిబంధనలు చెబుతున్నాయి. దాన్ని చివరి ఏడాదికి వాయిదా వేసుకున్నవారి అవస్థ ప్రతి విభాగంలోనూ కనిపించేదే.

ఒక జాగ్రత్త అవసరం. ‘మీ విశిష్ట పరిశోధనను మా అంతర్జాతీయ సదస్సులో సమర్పించండి’ అంటూ ముక్కూ మొహం తెలియని సంస్థల నుంచి మెయిళ్లు వస్తుంటాయి. నిర్వాహక కమిటీలో మీ విభాగానికి చెందిన, మీ గైడ్ ఎరిగిన వ్యక్తి ఒక్కరైనా లేకపోతే డబ్బు కట్టకండి.

సెలవు, సభ్యత్వం, రిజిస్ట్రేషన్

పేపర్ చదవడానికి చాలా సంఘాలు విద్యార్థి సభ్యత్వం అడుగుతాయి. అందుకు విభాగాధిపతి సంతకంతో బోనఫైడ్ లేఖ కావాలి. గడువుకు ముందే కడితే రిజిస్ట్రేషన్ రుసుము తగ్గుతుంది, స్పాట్ రిజిస్ట్రేషన్ ఎప్పుడూ ఖరీదే. హ్యాండ్స్ ఆన్ వర్క్‌షాపుల్లో సీట్లు కొన్నే ఉంటాయి కాబట్టి వాటిని అదే రోజు ఖాయం చేసుకోండి. విభాగం నుంచి అందరూ ఒకేసారి వెళ్తే ఓపీ నడవదు. ఎవరు వెళ్తారో, ఎవరి పేషెంట్లను ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకుంటే సెలవు సులువుగా దొరుకుతుంది.

అంశాన్ని మీ ఓపీలోనే వెతకండి

సదస్సు విలువ సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది. చాలామంది విద్యార్థులు లేజర్లు, నానో రేణువులు, కృత్రిమ మేధ వంటి అంశాలపై పది వ్యాసాలు చదివి, వాటి సారాంశాన్ని పోస్టరుగా వేస్తారు. అదే వరుసలో అలాంటి పోస్టర్లు మరో పాతిక ఉంటాయి. ఏ ఒక్కదాని ముందూ ఎవరూ ఆగరు.

మీ ప్రాంతపు రోగుల దగ్గర ఉన్నది మరెక్కడా దొరకదు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటునే తీసుకోండి. ఆ అలవాటున్నవారి, ముఖ్యంగా పెద్ద వయసు స్త్రీల అంగిలిని అద్దంతో చూస్తే తెల్లగా మందపడిన పొర, దాని మధ్య చిన్న లాలాజల గ్రంథుల ద్వారాల దగ్గర ఎర్రని చుక్కలు, కొన్నిచోట్ల రంగు కోల్పోయిన మచ్చలు, కొందరిలో పుండ్లు కనిపిస్తాయి. పిండ్‌బోర్గ్, ఫాలీ మెహతా, వారి సహచరులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణుల్లో ఈ మార్పులను పరిశీలించి 1971లో ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ పాఠాల్లో వినిపిస్తుంది. విశాఖపట్నంలోనో రాజమండ్రిలోనో చదివే ఓరల్ మెడిసిన్ విద్యార్థి ఇలాంటి ఐదారు కేసులను మంచి ఫోటోలతో, బయాప్సీ ఫలితాలతో వరుసగా చూపిస్తే, పంజాబ్ నుంచి వచ్చిన ప్రొఫెసర్ కూడా ఆగి అడుగుతారు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరోసిస్‌తో గారపట్టిన పళ్లకు ఏ చికిత్స ఎంతకాలం నిలిచిందన్నదీ అలాంటి ప్రశ్నే.

కేసు ఎంచుకున్నాక కాగితాలు సరిచూసుకోండి. ఫోటో వాడటానికి రోగి రాతపూర్వక సమ్మతి, అది కూడా వారికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. పరిశోధన అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి, క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు తప్పనిసరి. ఓపీ నంబరు, పేరు ఎక్స్‌రే మూలన మిగిలిపోతుంటాయి. స్లైడులో పెట్టేముందు వాటిని చెరిపేయండి. ఫలితాలు ఇంకా రాకముందే ‘గణనీయమైన మెరుగుదల కనిపించింది’ అని సదస్సుకు ముందుగా పంపే సంగ్రహంలో (అబ్‌స్ట్రాక్ట్) రాసిపంపే అలవాటు మాత్రం మానుకోవాలి.

విభాగంలోనే ఒకసారి చదివి చూపించండి

పేపర్‌కు ఇచ్చే సమయం సాధారణంగా పది నిమిషాల లోపే, అందులోనే ప్రశ్నలూ ఉంటాయి. కాబట్టి పరిచయానికి ఒక్క స్లైడు చాలు. వ్యాధి నిర్వచనం అక్కడున్న అందరికీ తెలుసు. మీరు ఏం చేశారో, ఏం చూశారో వాటికే సమయం ఇవ్వండి. సీనియర్లను, వీలైతే వేరే విభాగం పీజీలను కూర్చోబెట్టి, గడియారం పెట్టుకుని చదవండి. జాతీయ వేదికపై ఇంగ్లీషులోనే మాట్లాడాలి కాబట్టి బెరుకున్నవారికి ఈ అభ్యాసం రెట్టింపు అవసరం. అయితే వాక్యాలను బట్టీ పట్టకండి. ఒక మాట మరిచిపోతే మిగతాదంతా దానితో పోతుంది.

వేదిక దగ్గర

సెషన్ నడిపే చైర్‌పర్సన్ అడిగే ప్రశ్నలు చాలావరకు ఊహించగలిగినవే. శాంపిల్ సైజు ఎలా నిర్ణయించారు, కంట్రోల్ గ్రూప్ ఎందుకు లేదు, ఫాలో అప్ ఎన్ని నెలలు? జవాబు తెలిస్తే రెండు వాక్యాల్లో చెప్పండి. తెలియకపోతే ‘ఆ కోణంలో చూడలేదు సార్, తిరిగి వెళ్లాక పరిశీలిస్తాను’ అనడంలో తప్పులేదు. వాదనకు దిగితే మార్కులతో పాటు మంచి సలహా కూడా పోతుంది.

పోస్టర్ అయితే నిర్ణాయకులు వచ్చేవేళకు మాత్రమే నిలబడి, తర్వాత ఊరు చూడటానికి వెళ్లిపోకండి. పోస్టర్ పక్కన ఖాళీగా నిలబడ్డ గంటలోనే మరో కళాశాల పీజీ వచ్చి ‘మా దగ్గరా ఇలాంటి కేసు ఉంది’ అంటారు. రెండు కళాశాలలు కలిసి చేసే అధ్యయనానికి బీజం అలాంటి మాటల్లోనే పడుతుంది.

ఉపన్యాసాలన్నింటికీ వెళ్లాలనుకోవద్దు. కార్యక్రమ పత్రంలో మీ థీసిస్‌కు దగ్గరగా ఉన్నవి రోజుకు రెండో మూడో గుర్తుపెట్టుకోండి. వక్త దగ్గరికి వెళ్లినప్పుడు సెల్ఫీతో సరిపెట్టకుండా ఒక్క నిర్దిష్టమైన ప్రశ్న అడగండి: ‘మేడమ్, మీరు చూపిన మూడో కేసులో గ్రాఫ్ట్ (ఎముక లేదా చిగురు అతుకు) ఎందుకు వాడలేదు?’ విఫలమైన కేసుల గురించి వేదికపై చెప్పని సంగతులు టీ విరామంలో బయటికొస్తాయి, అవి పుస్తకాల్లోనూ ఉండవు.

ట్రేడ్ స్టాళ్లలో లూప్స్ (కళ్లకు పెట్టుకునే భూతద్దాలు), రూట్ కెనాల్‌ను శుభ్రం చేసే రోటరీ ఫైళ్లు, ఇంప్లాంట్ కిట్లు చేత్తో పట్టుకుని చూడవచ్చు. తగ్గింపు ధర చూసి అక్కడికక్కడే కొనకండి. ఆ ఫైలు మీ కళాశాల మోటారుకు సరిపోతుందా, విడిగా దొరుకుతుందా అని అడిగి, సీనియర్లకు ఫోన్ చేశాకే నిర్ణయించుకోండి. స్పాన్సర్ చేసిన ఉపన్యాసంలో ఆ కంపెనీ వస్తువును మెచ్చుకున్నప్పుడు వక్త చూపించిన ఆధారం ఎంతకాలపు ఫాలో అప్‌దో గమనించండి.

తిరిగి వచ్చాక

వారం గడవకముందే మీరు విన్నవాటిలో మీ విభాగానికి పనికొచ్చే రెండు మూడు విషయాలను విభాగంలో వ్యాసాలు చర్చించుకునే జర్నల్ క్లబ్‌లో చెప్పండి, సదస్సుకు రాలేకపోయినవారికీ అవి అందుతాయి. లాగ్‌బుక్‌లో వివరాలు రాసి గైడ్ సంతకం తీసుకోండి. పరిచయమైనవారికి ఏదైనా వ్యాసం గానీ ఫోటోలు గానీ పంపుతానని మాటిచ్చి ఉంటే, ఆ వారంలోనే పంపండి.

చదివిన పేపర్‌ను పూర్తి వ్యాసంగా రాయడం మొదలుపెట్టవలసిందీ అప్పుడే. చైర్‌పర్సన్ అడిగిన ప్రశ్నలను ముందు పెట్టుకుంటే, రేపు పత్రిక సమీక్షకులు అడగబోయేవాటిలో సగం వాటిలోనే ఉంటాయి. చాలా సంఘాలకు సొంత పత్రికలున్నాయి. అక్కడికి పంపేటప్పుడు, ఈ పని ఫలానా సదస్సులో సమర్పించామని మొదటి పేజీలో తెలపాలి, రచయితల వరుస క్రమాన్ని గైడ్‌తో ముందే మాట్లాడుకోవాలి.