సిండ్రెల్లాని గోదావరి ఒడ్డుకి తీసుకురావాలంటే

సిండ్రెల్లా పేరు తీసేసి సీతాలు అని పెట్టినంత మాత్రాన కథ మనదైపోదండీ. ముందు అది దేనిమీద నిలబడిందో చూడండి: సవతితల్లి పోరు, అనుకోని సాయం, ఒక గడువు, జారిపోయిన వస్తువు. ఇవి ఉంటే చాలు, మిగతాది మీ ఇష్టం. 1697లో పెరో అనే ఫ్రెంచి రచయిత అచ్చువేసిన కథలో గాజు చెప్పు, తొమ్మిదో శతాబ్దపు చైనా కథ యె షియెన్‌లోనేమో బంగారు చెప్పు, పైగా అక్కడ కోరికలు తీర్చేవి చేప ఎముకలు!

ఇక మన ఊరు. రాజుగారి డాన్సు బదులు తీర్థం పెట్టండి, అర్ధరాత్రి గంట బదులు తొలికోడి కూసేలోపు ఇల్లు చేరాలనండి. చిక్కంతా చెప్పుతోనే. గుడి బయట బోలెడు జతలు విప్పి ఉంటాయి, ఒకటి పోతే ఎవరికి పట్టింది? అదే కాలి పట్టీ శీల ఊడి ఇసుకలో పడిందనుకోండి, వెతుక్కుంటూ రావడానికి ఓ కారణం దొరుకుతుంది. పట్టీ ఎవరికైనా సరిపోతుందిగా అని పిల్లలు కచ్చితంగా అడుగుతారు, అప్పుడు రెండో పట్టీ ఆమె కొంగుముడిలోంచి తీయించండి (పెరో కథలోనూ రెండో చెప్పు ఆమె జేబులోనే ఉంటుంది). బండిగా మారే గుమ్మడికాయని మాత్రం కదపకండి, మన పాకల మీద కాసేదే కదా, ఎలుకల్ని గుర్రాలకి బదులు ఎడ్లని చేస్తే సరి.