యూరోస్టమీ సంచితో చెన్నై నుంచి ఊరికి వెళ్ళేటప్పుడు

మూత్రాశయం తీసేశాక చిన్నపేగు ముక్కతో పొట్ట మీద మూత్రానికి కొత్త దారి ఏర్పరచడమే యూరోస్టమీ. ఆ దారి బయటి ముఖమైన స్టోమా నుంచి పొట్టకు అంటించిన సంచిలోకి మూత్రం ఆగకుండా వస్తూనే ఉంటుంది కాబట్టి, ఊళ్ళో పెళ్ళి అనగానే ముందురోజు నుంచే నీళ్ళు తాగడం మానేయాలనిపిస్తుంది. మొదటిసారి విజయవాడ వెళ్ళినప్పుడు నేనూ అదే చేశాను. రైలు దిగేసరికి సంచిలో డికాక్షన్ రంగు మూత్రాన్ని చూసి ఎంతో భయపడ్డాను. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, ఇన్ఫెక్షన్లూ కిడ్నీ రాళ్ళూ వచ్చే అవకాశం పెరుగుతుంది. డాక్టరు పరిమితి పెట్టి ఉంటే తప్ప, ప్రయాణం రోజున కూడా రెండు లీటర్లకు తక్కువ కాకుండా తాగండి, సంచి ఖాళీ చేసే వేళలను మాత్రం ముందే నిర్ణయించుకోండి.

సంచి మూడో వంతు నిండగానే, ఎంత ఆలస్యమైనా సగం దాటకముందే, ఖాళీ చేయాలి. బరువెక్కిన సంచి, దాన్ని పట్టి ఉంచుతూ స్టోమా చుట్టూ చర్మానికి అతుక్కున్న జిగురు పలకను (ఫ్లాంజ్‌ను) కిందికి లాగుతుంది, లీకేజీ అక్కడే మొదలవుతుంది. చెన్నై సెంట్రల్ నుంచి విజయవాడకు సుమారు 430 కిలోమీటర్లు, ఆరేడు గంటల ప్రయాణం. గూడూరు దాటాక ఒకసారి, ఒంగోలు దాటాక ఒకసారి లేస్తే సాధారణంగా సరిపోతుంది. ఖాళీ చేశాక సంచి కింది కుళాయి మూసుకుందో లేదో వేలితో తడిమి చూసి, చివరను టిష్యూతో తుడవండి, దుస్తుల మీద పడే మరకల్లో చాలావరకు ఆ చివరి చుక్క వల్లనే. మాధవరం నుంచి బస్సులో వెళ్ళేవారికి మాత్రం కాలికి కట్టుకునే అదనపు సంచి తప్పనిసరి అని నా అభిప్రాయం, ఎందుకంటే బస్సు ఎక్కడ ఆగుతుందో మన చేతిలో ఉండదు.

రాత్రి రైలైతే కింది బెర్తు అడగండి. రాత్రిపూట పొట్ట మీది సంచికి గొట్టంతో తగిలించే పెద్ద సంచి శరీరం కంటే కిందికి ఉండాలి, గొట్టం మెలిపడకూడదు. గొట్టం తగిలించే ముందు పొట్ట మీది సంచిలో కొద్దిగా మూత్రం ఉంచితే, లోపలి గోడలు అతుక్కుపోకుండా ధార సాఫీగా దిగుతుంది.

ఫ్లాంజ్‌ను బయలుదేరే రోజు హడావుడిలో కాక, ముందురోజు పొద్దున్నే, కాఫీ, నీళ్ళు ఏవీ తాగకముందు, మూత్రం తక్కువగా వచ్చే వేళలో మార్చుకోవాలి. స్టోమా మీద చుట్టిన గాజుగుడ్డ ఆనించి ఉంచితే చుట్టూ చర్మం పూర్తిగా ఆరుతుంది. మన ఉక్కపోతలో ఈ ఆరబెట్టడమే అసలు పని. అవసరమైనవాటికి రెట్టింపు సామగ్రిని చేతిసంచిలోనే పెట్టుకోండి, ఎండలో నిలిపిన కారులో వదిలితే జిగురు మెత్తబడి పాడవుతుంది. విమానంలో కత్తెరను అనుమతించకపోవచ్చు కాబట్టి, ఫ్లాంజ్‌లను ఇంట్లోనే కొలతకు కత్తిరించుకోవాలి. డాక్టరు ఉత్తరం చూపి, తనిఖీని విడిగా గదిలో చేయమని అడగడానికి సంకోచించవద్దు.

మూత్రంలో తెల్లని జిగట తీగలు కనిపిస్తే కంగారు పడకండి, అది పేగు సహజంగా స్రవించేదే. జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు వచ్చినా, నీళ్ళు తాగుతున్నా రెండు మూడు గంటలుగా సంచిలోకి చుక్క రాకపోయినా, పెళ్ళిని పక్కనపెట్టి ఆ ఊళ్ళోనే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.