సొంతంగా అజైల్ – 4వ పాఠం: స్టాండప్‌లో ఎవరితో మాట్లాడాలి?

అజైల్ అంటే పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి, తరచూ చూసుకుంటూ సర్దుకుంటూ పోయే పద్ధతి. పోయిన పాఠంలో బోర్డు గీసుకున్నాం: చేయాల్సినవి, చేస్తున్నవి, టెస్టింగ్, అయిపోయినవి. ఒక్కో పనికి ఒక్కో కార్డు. ఈసారి రోజూ ఆ బోర్డు ముందు టీమంతా పావుగంట నిలబడి మాట్లాడుకోవడం, అంటే స్టాండప్, నేర్చుకుందాం.

మన బెంగళూరులో, బెల్లందూరులోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఏ ఆఫీసులో చూసినా పొద్దున్నే స్టాండప్ ఉంటుంది. చాలా చోట్ల తంతు ఒకటే. మేనేజర్ గారు మధ్యలో నిలబడతారు. ఒక్కొక్కరూ ఆయన మొహం చూస్తూ ఎక్కాలు అప్పజెప్పినట్టు "నిన్న ఇది చేశాను, ఇవాళ ఇది చేస్తాను, అడ్డంకులేం లేవు" అనేస్తారు. పక్కవాళ్లు చెప్పేది ఎవరి చెవికీ ఎక్కదు. మూడు రోజులుగా కదలని కార్డు బోర్డు మీదే ఉంటుంది, "అడ్డంకులేం లేవు" అన్న మాటా అక్కడే వినిపిస్తుంది.

నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డంకులేంటి అన్న ఆ మూడు ప్రశ్నలూ ఇప్పుడు స్క్రమ్ గైడ్‌లోనే (స్క్రమ్ అనే అజైల్ పద్ధతికి నియమాల పుస్తకం) లేవు. 2020 నవంబరు కూర్పులో వాటిని తీసేశారు. మిగిలినవాటిలో ముఖ్యమైనవి రెండే: 15 నిమిషాలు, స్ప్రింట్ (నెలలోపు ముగిసే ఒక విడత పని) లక్ష్యం వైపు పని ఎంత కదిలిందో చూసుకుని ఇవాళ్టి పనిని సర్దుకోవడం. అదీ పని చేసేవాళ్లు తమ కోసం పెట్టుకున్న మీటింగ్. పైవాళ్లకి రిపోర్టు ఇవ్వడానికి కాదు. చాలా కంపెనీలు పాత ప్రశ్నలనే పట్టుకు వేలాడటానికి కారణం, నా లెక్కలో, వాటితో మనుషుల్ని లెక్కపెట్టడం సులువు కాబట్టి.

పద్ధతి మార్చండి. మనుషుల వరస వదిలేసి, బోర్డును కుడి నుంచి ఎడమకి చదవండి. పూర్తి కావడానికి అన్నిటికంటే దగ్గరున్న కార్డుతో మొదలుపెట్టి, "ఇది ఇవాళ ముందుకు జరగాలంటే ఏం కావాలి?" అని అడగండి. అడిగే తీరులోనే ఉంది అసలు సంగతి.

"రీఫండ్ కార్డు ఇంకా అవ్వలేదేంటమ్మా?" అంటే గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన ఫ్రెషర్ "అయిపోతుంది సార్" అంటుంది. అక్కడితో సరి.

"రీఫండ్ కార్డు దేని కోసం ఆగింది?" అంటే మాట వేరుగా వస్తుంది.

"టెస్ట్ డేటా రాలేదండీ. డేటాబేస్ టీమ్‌కి మెయిల్ పెట్టాను."

"మెయిల్‌తో అవ్వదులే. స్టాండప్ అవ్వగానే ఇద్దరం వెళ్లి అడుగుదాం."

టయోటా కార్ల తయారీ పద్ధతిలో ఇలాంటిదే ఒక ఏర్పాటు ఉంది (వాళ్ల ఫ్యాక్టరీ మన పక్కనే, బిడదిలో ఉంది). లైను మీద తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగొచ్చు. వెంటనే టీమ్ లీడర్ వస్తాడు. అప్పటికప్పుడు సర్దుబాటు కాకపోతే లైను ఆగుతుంది. తాడు కట్టడం పెద్ద పని కాదు. లాగినవాడి దగ్గరికి వచ్చిన లీడర్ మొదటి మాట ఏమంటాడన్న దాన్ని బట్టే రెండోసారి ఎవరైనా లాగుతారా లేదా అన్నది తేలుతుంది. స్టాండప్‌లో చెప్పిన అడ్డంకిని అప్రైజల్‌లో ఎత్తిచూపారా, ఇక ఆ టీమ్‌లో నిజం బయటికి రాదు. బోర్డు ఎంత అందంగా గీసినా అంతే.

మీరు మేనేజర్ కాకపోతే? "కల్చర్ మారుద్దాం" అని మొదలుపెట్టకండి, ఎవరూ వినరు. "రెండు వారాలు కుడి నుంచి ఎడమకి చూద్దామండీ, నచ్చకపోతే పాత పద్ధతికే వెళ్దాం" అనండి. మేనేజర్ గారిని బోర్డు పక్కన కాకుండా అందరి వెనక నిలబడమని కూడా అడగ్గలిగితే సగం పని అయినట్టే.

ఈ వారం అభ్యాసం: సోమ, మంగళవారాల్లో ఏమీ మార్చకండి. ఎన్ని అడ్డంకులు బయటికి వచ్చాయో, వాటిలో ఎన్నింటికి అక్కడికక్కడే ఎవరైనా "నేను చూస్తాను" అన్నారో మాత్రం రాసుకోండి. బుధవారం నుంచి కొత్త పద్ధతిలో నడిపి, అవే రెండు లెక్కలు రాయండి. రెండు రోజులు దాటి కదలని కార్డుల మీద తేదీ కూడా వేయండి. వచ్చే పాఠంలో "చేస్తున్నవి" గడిలో ఒకేసారి ఎన్ని కార్డులు ఉండనివ్వాలో ఆ తేదీలను చూసే తేల్చుకుంటాం.