ఒక్కరోజు బస్సు ప్రయాణాలు – నాలుగో పాఠం: తిరుగు బస్సు

ఈసారి చిన్న ఊళ్ళో ఎలా తిరగాలో చెబుతానని మాటిచ్చాను. అది కాస్త వాయిదా పడింది. మూడో పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను కదా, గంటన్నర దూరంలో ఎప్పుడూ దిగని ఊరొకటి ఎంచుకుని, చూసి, సాయంత్రానికి ఇల్లు చేరమని. చేసినవాళ్ళు వెళ్ళడం బాగానే వెళ్ళారు. రావడం దగ్గరే తంటా వచ్చింది. ఒకరు స్టాపులో అరగంటకు పైగా కూర్చుని చివరికి టాక్సీ పిలిచారు. ఒకరు ఇంటికి ఫోన్ చేసి కారు తెప్పించుకున్నారు. ఇంకొకరికైతే బస్సు కళ్ళముందే మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

తప్పులో నా వాటా ఉంది. "చివరి బస్సు ఎన్నింటికో చూసుకోండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఎన్నింటికి అంటే ఎక్కడ ఎన్నింటికి? అది చెప్పలేదు. ఈ పాఠమంతా దాని గురించే.

టికెట్, చిల్లర, మంచినీళ్ళు, గొడుగు లాంటివి మీకు తెలుసు, వదిలేస్తున్నాను.

బస్సు వేళల పట్టికలో రాసిన టైము మీ స్టాపుది కాకపోవచ్చు. పల్లె రూట్లలో ముప్ఫై నలభై స్టాపులుండొచ్చు, పట్టికలో కనిపించేవి నాలుగో అయిదో. మిగతా స్టాపుల టైము మీరే ఊహించుకోవాలి. సరిగ్గా అక్కడే అందరూ పడ్డారు.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ ఇల్లు మొదలూరు. చూడటానికి నడిమూరు వెళ్ళారు. తిరుగు బస్సు చివరూరులో బయల్దేరుతుంది. పట్టికలో చివరూరు 5:30, వంతెన కూడలి 6:05, మొదలూరు 6:50 అని ఉంది. నడిమూరు పేరే లేదు. అది కూడలికి, మొదలూరుకి మధ్యలో ఉంటుంది.

టాక్సీ పిలిచినవారు 5:30 తన టైమే అనుకున్నారు. అరగంట దాటాక టెన్షన్ పట్టుకుని, బస్సు రాదని నిర్ణయించేసుకున్నారు. ఇంకాసేపు ఓపిక పట్టి ఉంటే ఎక్కేవారే. బస్సు తప్పిపోయినవారు ఇంకాస్త తెలివిగా ఆలోచించారు. 6:05కీ 6:50కీ మధ్య అంటే సుమారు 6:28 అని లెక్కగట్టి, 6:25కి స్టాపుకి చేరారు. బస్సు 6:20కే దాటిపోయింది. డ్రైవరు తప్పేమీ లేదు. పట్టికలో టైము ఉన్న స్టాపు నుంచి ముందుగా బయల్దేరకూడదు, సాధారణంగా అంతవరకే నియమం. మధ్య స్టాపుల దగ్గర ఆగి గడియారం చూసుకోవాల్సిన పని ఆయనకు లేదు. సాయంత్రం ఎక్కేవాళ్ళు తక్కువ, ఆపే పని తక్కువ, కాబట్టి బండి చకచకా వచ్చేస్తుంది.

"ఫోన్‌లో 6:28 అనే చూపించింది" అంటారా? ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫోన్ చేసిందీ మీరు చేసిన లెక్కే. బస్సు వేళలను మ్యాపులకు అందించడానికి వాడే జీటీఎఫ్ఎస్ అనే ఫైలు పద్ధతిలో కొన్ని స్టాపుల టైము ఖాళీగా వదిలేయవచ్చు. అప్పుడు యాప్ అటూ ఇటూ ఉన్న టైములు చూసి మధ్యలో ఒకటి పూరిస్తుంది. ఇది కచ్చితమైన టైమా, అందాజా టైమా అని చెప్పే గడి కూడా ఆ ఫైల్లో ఉంటుంది, కానీ తెరమీద తరచూ రెండూ ఒకేలా కనిపిస్తాయి. బస్సు ఎక్కడుందో అప్పటికప్పుడు చూపించే సౌకర్యం ఉంటే అది వేరే మాట.

అందుకని నా పద్ధతి ఇది. మీ స్టాపు పట్టికలో లేకపోతే, పట్టికలో దానికి ముందున్న స్టాపు టైమే మీ టైము. పై ఉదాహరణలో 6:05 కల్లా స్టాపులో నిలబడాలి. పావుగంట వృథా కావచ్చు, కానివ్వండి. స్విట్జర్లాండ్ కొండదారుల్లో పసుపు పోస్టు బస్సులు మలుపుల దగ్గర మూడు స్వరాల హారన్ కొట్టుకుంటూ వస్తాయి. మీ బస్సు అలా చెప్పి రాదు.

రెండోది, ఏ రోజు అన్నది. టైము పక్కన చిన్న అక్షరమో చుక్కో ఉంటే కింద దాని అర్థం చదవకుండా కదలకండి. జర్మనీ పల్లె రూట్లలో కొన్ని బస్సులు బడి ఉన్న రోజుల్లోనే తిరుగుతాయి. ముందుగా ఫోన్ చేసి చెబితేనే వచ్చే బస్సులు కూడా అక్కడ ఉన్నాయి. పట్టికలో ఉంటుంది, ఎవరూ పిలవకపోతే రోడ్డు మీదికే రాదు. నేనొకసారి బడి సెలవుల్లో, సోమవారమే కదా అని ధీమాగా నిలబడి మూడు గంటలు ఎదురుచూశాను. అప్పట్నుంచి పట్టిక అట్టడుగు వరుస దగ్గర మొదలుపెట్టి పైకి చదువుతాను.

ఇక ప్లాన్. రోజును వెనక నుంచి లెక్కపెట్టండి. చివరి బస్సు మీది కాదు, అది పూచీ మాత్రమే. మీది దానికి ముందుది. అది 4:30కి అయితే, 4 గంటలకల్లా ఊరు చూడటం ముగియాలి. దాన్నుంచి వెనక్కి, ఊరు చూడటానికి కావాల్సిన మూడు గంటలు తీసేస్తే 1. అంటే ఒంటిగంటలోపు దింపే బస్సు పొద్దున ఏది ఉందో చూసి అది ఎక్కాలి. మూడు గంటలు కూడా మిగలకపోతే ఊరు మార్చండి. రెండు గంటల కోసం గంటన్నర కూర్చుని వెళ్ళడం నాకు నచ్చదు.

దిగగానే ఊళ్ళోకి పరుగెత్తకండి. తిరుగు బస్సు ఆగే చోటు ఎక్కడో కనుక్కోండి. చాలాసార్లు రోడ్డుకి అవతలి పక్కన ఉంటుంది, ఒకవైపు వాహనాలే తిరిగే వీధులైతే రెండు వీధుల అవతల ఉంటుంది. అక్కడి పట్టికను ఫోటో తీసుకున్నాకే నేను కదులుతాను.

అభ్యాసం. ఈసారి ప్రయాణం లేదు. మీ దగ్గర్లో, పట్టికలో పేరు లేని స్టాపు ఒకటి వెతకండి. రెండు వేర్వేరు సాయంత్రాలు అక్కడ గంటన్నర చొప్పున కూర్చుని, ప్రతి బస్సూ వచ్చిన నిమిషం కాగితం మీద రాయండి. పక్కనే మీరు ఊహించిన టైము, ఫోన్ చెప్పిన టైము కూడా రాయండి. ఒక సాయంత్రం ఆదివారం అయితే మంచిది. ఆ కాగితం చేతిలో ఉంటేనే అయిదో పాఠం మొదలుపెట్టండి. ఊళ్ళో నడక అందులోనే.